పాలమూరు మర్రికి సెలైన్ ఎక్కించారు!

మ్యూజియం అనగానే అద్దాల బీరువాలు, గడ్డి కూరిన పులి బొమ్మలు గుర్తొస్తాయి. పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలోని పిల్లలమర్రిలో లెక్క వేరు. అక్కడి ముఖ్య ప్రదర్శన అయిన మర్రిచెట్టు బతికే ఉంది, పెరుగుతూనే ఉంది. వయసు 700 ఏళ్లని చెబుతారు. విస్తీర్ణం దాదాపు మూడెకరాలు.

(పాత నల్లగొండ జిల్లాలో, సూర్యాపేట దగ్గర మరో పిల్లలమర్రి ఉంది. అది రేచర్ల రెడ్ల శివాలయాల ఊరు. బస్సెక్కే ముందు అడిగి ఎక్కడం మంచిది.)

దూరం నుంచి పచ్చటి గుట్టలా కనిపించే ఈ చెట్టు కిందికి వెళ్తే అసలు మాను ఏదో తేల్చుకోలేం. కొమ్మల నుంచి దిగిన ఊడలు నేలలో వేళ్లూని బోదెలంత లావెక్కాయి. కొమ్మను మోసేదీ, దానికి నీరందించేదీ అవే. హౌరా బొటానికల్ గార్డెన్‌లోని మహా మర్రికి తెగులు సోకితే 1925లో ఏకంగా మొదటి మానునే తొలగించారు. ఊడల బలంతో అది నేటికీ విస్తరిస్తోంది. మర్రిపండుదీ వింత సంగతే. మనం పండనుకునే దాని లోపల సన్నటి పూలు కిక్కిరిసి ఉంటాయి. చీమకన్నా చిన్న కందిరీగ ఒకటి లోపలికి దూరితేనే అందులో గింజ పడుతుంది.

ఇంత గట్టి ప్రాణీ ఓసారి మంచాన పడింది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడింది. చూస్తే లోపలంతా చెద. జనం తక్కువ తిన్నారా? ఊడలు పట్టుకుని ఊగారు, బెరడు మీద పేర్లు చెక్కారు. అధికారులు సందర్శకులను ఆపేశారు. మానుకు రంధ్రాలు చేసి క్లోరోపైరిఫాస్ పోస్తే మందు బయటికి కారిపోయింది. దాంతో 2018లో అటవీ సిబ్బంది ఆస్పత్రి దారి పట్టారు. పలచన చేసిన మందును సెలైన్ సీసాల్లో నింపి, కొమ్మలకు వేలాడదీసి, చుక్కచుక్కగా ఎక్కించారు. బరువైన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు. చెట్టు తేరుకుంది. 2025 మేలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన భామల్లో ఒక బృందం దీన్ని చూసి వెళ్లింది.

చాలామంది చెట్టు చూసి వెనక్కి మళ్లుతారు. ఆ ఆవరణలోనే పురావస్తు మ్యూజియం ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి తరలించి, తిరిగి నిలబెట్టిన రాజరాజేశ్వరాలయమూ అక్కడే ఉంది. వాటికీ ఓ గంట కేటాయించండి. ఫొటోలు ఎన్నైనా తీసుకోండి గానీ, వేలాడే లేత ఊడను మాత్రం ముట్టుకోవద్దు. అది నేలను తాకి పాతుకున్నాకే పైకొమ్మకు ఆసరా అవుతుంది.