ఓదార్పు కూడా వైద్యమే

పెళ్లయి రెండేళ్లు తిరిగేసరికి మన ఇళ్లలో వినబడే ప్రశ్న ఒకటుంది: "ఏమమ్మా, విశేషమేమన్నా ఉందా?" అడిగినవాళ్లు అడిగి మరిచిపోతారు. విన్నామెకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ బాధను వైద్యం ఎప్పుడు పట్టించుకుంది? ఈవేళ ఆ కథ చెప్పుకుందాం.

పూర్వం సంతానం లేని ఇల్లాలు రావిచెట్టుకు ప్రదక్షిణలు చేసేది, నాగప్రతిష్ఠ చేయించేది. రావి, వేప కలిసి పెరిగిన అరుగుల మీద ఆ రాతి నాగులు ఇప్పటికీ మన పల్లెల్లో కనిపిస్తాయి. ఫలితం మాట ఎలా ఉన్నా, ఆ చెట్టు కింద తనలాంటి మరొకామెతో కష్టం చెప్పుకునే వీలుండేది. కాని అదే ఊరు ఆమెను సీమంతానికి పిలవడానికి వెనకాడేది. "గొడ్రాలు" అనే మాట ఆమెకే అంటగట్టేది. కారణం భర్తలోనూ ఉండవచ్చు, ఒక్కోసారి ఇద్దరిలోనూ ఉండవచ్చు. అయినా మగవాడికి పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికి వచ్చింది కనక!

ఇక శాస్త్రం సంగతి చూడండి. 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో లూయీస్ బ్రౌన్ పుట్టింది. లోకమంతా టెస్ట్‌ట్యూబ్ బేబీ అని చెప్పుకుంది. ఆ ఏడే అక్టోబరు 3న, డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషి వల్ల మన కలకత్తాలో దుర్గ పుట్టింది. ఈ గెలుపులు మీరు వినే ఉంటారు. అంతగా వినబడని లెక్క ఒకటి చెబుతాను. ఓల్డ్‌హామ్‌లో 1969 నుంచి 1978 దాకా ఆ ప్రయత్నానికి ఒప్పుకున్న స్త్రీలు 282 మంది. దానివల్ల బిడ్డను ఎత్తుకున్నది ఇద్దరే. తక్కిన 280 మంది ఒట్టి చేతులతో ఇంటిదారి పట్టారు. చరిత్ర ఆ ఇద్దరినీ గుర్తుంచుకుంది. ఈ 280 మంది కన్నీళ్లు ఎవరు తుడిచారు?

ఇలాంటి కన్నీళ్ల విలువ తెలిసిన నర్సు ఒకామె అమెరికాలో ఉండేది. పేరు బార్బరా ఎక్ మెన్నింగ్. సంతానం లేని బాధ స్వయంగా ఎరిగిన మనిషి. 1974లో ఆమె "రిజాల్వ్" అనే సంఘం పెట్టి, అలాంటి దంపతులను ఒకచోట చేర్చి మాట్లాడుకోనిచ్చింది. ఇదీ ఒక శోకమే అంది. నిజమే కదూ! చావింటికి పదిమంది పరామర్శకు వస్తారు. ఈ ఇంటికి ఎవరొస్తారు?

తర్వాత ప్రభుత్వాలూ కదిలాయి. ఇలాంటి చికిత్సకు ముందు కౌన్సెలింగ్ అవకాశం ఇవ్వాలని బ్రిటన్ 1990లో చట్టం చేసింది. మన దేశంలో 2005 నాటి వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు క్లినిక్కులో కౌన్సెలరు ఉండాలన్నాయి. 2021లో పార్లమెంటు చట్టమే చేసింది. చికిత్సలోని చిక్కులేమిటో, ఫలించే అవకాశమెంతో నిపుణులు దంపతులకు విడమరిచి చెప్పి తీరాలి. అంటే అది వాళ్ల దయ కాదు, మీ హక్కు.

ధర్మవరం పట్టుచీరలకు వెళ్లినవాళ్లకు దగ్గర్లోని బత్తలపల్లి తెలిసే ఉంటుంది. 1969లో అనంతపురం సీమలో పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారి ఆర్.డి.టి. సంస్థ 2000లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. పల్లెల ఆడవాళ్లు కాన్పులకు అక్కడికి వస్తారు. హెచ్‌ఐవి సోకినవాళ్లకూ అక్కడ వైద్యం చేస్తారు. మందుతోపాటు ధైర్యం చెప్పే మనిషీ కావాలని ఆ జబ్బు మన దేశానికంతటికీ నేర్పింది. ఆ పాఠం సంతానం కోసం వచ్చే ఆడమనిషికి ఎందుకు పనికిరాదు? ఐ.వి.ఎఫ్. కేంద్రాలు ఎక్కువగా పట్నాల్లోనే. ఊరుగాని ఊళ్లో సూదుల మధ్య ఒంటరిగా కూర్చున్నప్పుడే ఒక మంచి మాట కావాలి.

కనుక మీ ఇంటి ఆడపిల్ల వైద్యానికి వెళ్తుంటే ఆలుమగలిద్దరినీ కలిసి వెళ్లమనండి. "కౌన్సెలరు ఎవరండీ?" అని మొదటిరోజే అడగమనండి. ఎన్నిసార్లు ప్రయత్నించాలో, ఎక్కడ ఆపాలో ముందే ఇద్దరూ అనుకోమనండి. ఆపడం ఓడిపోవడం కాదు. మనం మాత్రం విశేషాలు అడగడం మానేసి, పేరంటానికి ఆమెనూ పిలిచి, అందరితోపాటే బొట్టుపెట్టి తాంబూలమిద్దాం.