జంట నక్షత్రముల గామా కిరణములు

గ్రహణమును పంచాంగము ముందుగా చెప్పును. చెప్పిన దినమున అది కనబడినపుడే గణితమునకు గౌరవము. ఒక జంట నక్షత్రము విషయమున ఇట్టి పరీక్ష 2004వ సంవత్సరమున జరిగినది.

ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో దూరదర్శినితో కనుగొన్న ఒక పల్సర్ వృత్తాంతము 1992లో వెల్లడియైనది. పల్సర్ అనగా పెద్ద నక్షత్రము పేలిపోగా మిగిలిన మిక్కిలి దట్టమైన శేషము. ఇది సెకనుకు సుమారు 21 మారులు తన చుట్టు తాను తిరుగును. సూర్యునికంటె ఎన్నో రెట్లు బరువైన ఒక నక్షత్రము చుట్టును, మిక్కిలి సాగిన కక్ష్యలో, 1,237 దినములకు ఒక ప్రదక్షిణము చేయును.

పల్సర్‌నుండి ఎలక్ట్రానులు గాలివలె వీచుచుండును. అవి అయస్కాంత క్షేత్రమున చిక్కి వంపులు తిరుగునపుడు రేడియో తరంగములను, ఎక్స్ కిరణములను వెలువరించును. అవియే నక్షత్రకాంతిని ఢీకొన్నచో దానికి తమ శక్తి నొసగి గామా కిరణములుగ మార్చును. కావున ఎక్స్ కిరణములను, గామా కిరణములను పోల్చి, ఏ కొలబద్దకును అందని ఆ క్షేత్రబలమును అంచనా వేయవచ్చును. ఈ జంట సమీపించు కాలమున గామా కిరణములు మన పరికరములకు అందునంతగా వెలువడవచ్చునని 1999 నాటికే శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

గామా కిరణములు నేలకు చేరవు. వాయుమండలమును తాకి కణముల జల్లుగా విరియును. ఆ జల్లువలన కన్నుమూసి తెరచునంత కాలమైనను నిలువని నీలికాంతి పుట్టును. దానిని పట్టుటకు ఆఫ్రికాలోని నమీబియా దేశమున ‘హెస్’ అను నాలుగు దూరదర్శినులు 2003 చివరకు సిద్ధమైనవి. నక్షత్రములు సమీపించు దినము 2004 మార్చి 7. ఆ అదను తప్పినచో మూడేండ్లకు పైగా వేచియుండవలెను. ఫిబ్రవరి నుండియే చూడగా గామా కిరణములు కనబడినవి!

అయినను లెక్క పూర్తిగ సరిపోలేదు. తరువాతి ప్రదక్షిణములనుగూడ కలిపి చూడగా, మిక్కిలి సమీపించినపుడు కాంతి కొంత తగ్గి, దానికి ముందు వెనుకల హెచ్చుచున్నట్లు తేలినది. పెద్ద నక్షత్రము నడుము చుట్టునున్న వాయువలయమును పల్సర్ రెండుమారులు దాటుటయే ఇందుకు కారణమని పలువురు తలంచుచున్నారు. 2011 జనవరిలో, సమీపదినము గడచిన నెలకు, ఫెర్మి ఉపగ్రహమునకు ఎవ్వరు నూహింపని గామా విజృంభణము గోచరించినది.

హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ తోడ్పాటుతో నిర్మింపబడిన ‘మేస్’ దూరదర్శిని 2024 అక్టోబరులో లడఖ్‌లోని హాన్లేయందు ప్రారంభింపబడినది. పైని దక్షిణాకాశపు జంట దానికి కనబడదు గాని, ఉత్తరాకాశమున ఇట్టి జంటలు మరికొన్ని కలవు. వాని లెక్కలను సరిచూచు పనిలో మన చేతిపనియు కలియుట సంతోషింపదగిన విషయము.