కెమెరా లోపలి అద్దం

పాత కెమెరాల గురించి రాసేవాళ్లు ఎక్కువగా లెన్సు గురించే రాస్తారు. నేను దాని వెనకాల దాక్కున్న చిన్న అద్దం గురించి రాస్తున్నాను.

1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణంలో ఫ్రాంకె అండ్ హైడెకె కంపెనీ రోలీఫ్లెక్స్ కెమెరాని తెచ్చింది. రెండు లెన్సుల కెమెరాలు అంతకు ముందూ ఉన్నాయి గానీ అవి చాలా పెద్దవి. ఇందులో కింది లెన్సు ఫిల్ము కోసం, పై లెన్సు మన కంటి కోసం. పై లెన్సు వెనక 45 డిగ్రీల వాలులో ఉన్న అద్దం, వచ్చిన వెలుతురును పైకి తిప్పి గరుకు గాజు మీద బొమ్మ చూపిస్తుంది. తల వంచి చూడాలి. కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనిపిస్తుంది. మన దేశపు మొదటి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హోమై వ్యారావాలా వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఒకటి. తర్వాత జపాన్‌వాళ్లు కూడా ఈ పద్ధతిలో చేశారు. మా తాత పెళ్లిళ్లకు పట్టుకెళ్లింది అట్లాంటి జపాన్ కెమెరానే.

ఇంట్లో మొహం చూసుకునే అద్దంలో పూత గాజు వెనకాల ఉంటుంది. కెమెరాకి అది పనికిరాదు. గాజు పైభాగం కొంచెం వెలుతురును, వెనక పూత మిగతా వెలుతురును తిప్పికొడతాయి కాబట్టి అసలు బొమ్మ పక్కన ఇంకో మసక బొమ్మ పడుతుంది. అందుకని కెమెరా అద్దానికి పూత ముందు వైపే వేస్తారు. తేడా తెలియాలంటే అద్దానికి పెన్ను మొన మెల్లగా ఆనించి చూడండి. ఇంటి అద్దంలో మొనకీ దాని బొమ్మకీ మధ్య సందు ఉంటుంది. కెమెరా అద్దంలో రెండూ అంటుకునే ఉంటాయి.

కానీ ముందు వైపు పూతను కాపాడటానికి గాజు అడ్డం లేదు. గాజు మీద వెండి పూత వేసే రసాయన పద్ధతిని 1835లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ కనుక్కున్నాడు. వెండి గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది, మా అవ్వ కాళ్ల పట్టీల్లాగా. పట్టీల్ని చింతపండుతో తోమొచ్చు, అద్దాన్ని తోమితే పూతే ఊడి వస్తుంది. 1930లలో అమెరికాలో జాన్ స్ట్రాంగ్, గాలి తీసేసిన పెద్ద పాత్రలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి పెద్ద పెద్ద అద్దాలకు పట్టించాడు. మౌంట్ విల్సన్‌లోని 100 అంగుళాల టెలిస్కోపు అద్దానికి 1935లో అట్లాగే పూత వేశారు. మనకు దగ్గర్లోని కావలూరులో 1986లో మొదలైన 2.34 మీటర్ల టెలిస్కోపు అద్దానికీ అల్యూమినియం పూతే. అది వెండిలాగా నల్లబడదు. అయినా తేమ, బూజు ఏళ్ల తరబడి పట్టుకుంటే ఏ పూతైనా పాడవుతుంది.

మా తాత రెండేళ్ల కింద కెమెరాని బీరువాలో పెట్టేశాడు. "నా కళ్లు పోయినాయి" అన్నాడు. శుక్లాల ఆపరేషన్ అయింది. పేపరు బాగా చదువుతున్నాడు, కెమెరాలో మాత్రం పొగమంచే. ఆపరేషన్ సరిగా కాలేదేమో అని దిగులు పడ్డాడు. మా మామ నాలుగు చిన్న స్క్రూలు తీసి పైకప్పు విప్పాడు. అద్దం అంచులు నల్లగా, మధ్యలో మచ్చలుగా ఉంది. "నాన్నా, పోయింది నీ కళ్లు కాదు" అన్నాడు. తాత ఏమీ అనలేదు, అద్దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు.

కొత్త అద్దం పాత జిరాక్స్ మిషన్‌లో దొరికింది. వాటిలోనూ ముందు పూత అద్దాలే ఉంటాయి. కెమెరా అద్దం కింద సన్నంగా, పైన వెడల్పుగా ఉంటుంది కాబట్టి అట్టముక్క మీద కొలత గీసి, గాజు అంగడిలో పూత లేని వైపు గీత పెట్టించి కోయించాడు. పూతకి వేలు తగలకూడదు.

కష్టమంతా మందంలో ఉంది. కొత్త అద్దం కాస్త మందమైనా పూత ముందుకు జరుగుతుంది. అప్పుడు కంటికి స్పష్టంగా కనిపించింది ఫిల్ము మీద మసకగా పడుతుంది. ఇది మామకి తెలుసు. ఫిల్ము ఉండే చోట ట్రేసింగ్ పేపరు బిగించి, షట్టరు తెరిచి పెట్టి, మేడ మీద నుంచి కృష్ణగిరి కోట ఉన్న కొండని చూశాం. కింద పేపరు మీద కొండ స్పష్టంగా ఉంది, పైన లేదు. రెండూ ఒకేసారి స్పష్టంగా కనిపించేదాకా మామ పై లెన్సుని మెల్లగా తిప్పాడు. సాయంత్రమైంది.

ఒక రోలులో పన్నెండు ఫొటోలు వస్తాయి. తాత ఇప్పటికి ఏడు తీశాడు. ఎనిమిదోది అవ్వని తీస్తానంటే ఆమె చీర మార్చుకుని వస్తానని లోపలికి పోయింది.