బెల్లంపల్లి బాయిలు మూతబడ్డంక మిగిలింది ఏంది?



సెలవులకు ఇంటికి పోయేటప్పుడు హాస్టల్ వాళ్లం చాలామందిమి బెల్లంపల్లిలో బస్సు మారుతం. పాత క్వార్టర్ల గోడల మీద రావి మొక్కలు మొలిచినయి. "ఒకప్పుడు ఈడ రాత్రి, పగలు తేడా లేకుండె" అని పెద్దమనుషులు చెప్తరు. ఆ ఊరు ఎట్ల లేచింది, ఎట్ల తగ్గింది అన్నది మేము చదివిన పాఠాల్లో రాలేదు. అందుకే రాస్తున్నాం.

1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. 1920ల చివర కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయింది, ఆ కాలంలోనే బెల్లంపల్లిలో బాయిలు పడ్డాయి. తర్వాత మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరి అవతల కరీంనగర్ దిక్కు గోదావరిఖని.

రైలు వచ్చిన దారిలోనే బయటివాళ్లు కూడా వచ్చారు. పట్టా లేని గోండు, కోలాం రైతుల భూములు వేరేవాళ్ల పేరు మీదికి పోయినయి. 1940ల్లో మన గూడేల్లో తిరిగిన హైమండార్ఫ్ ఈ సంగతి వివరంగా రాశాడు. 1981లో బాయిల్లో 56 రోజుల సమ్మె జరిగింది. అదే ఏడు ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం కూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. కానీ కార్మికుల చరిత్ర ఒక దిక్కు, మన చరిత్ర ఇంకో దిక్కు రాసుకున్నారు. నేల మాత్రం ఒక్కటే.

బొగ్గు అయిపోయింది, ఊరు ఖాళీ అయింది అని చాలామంది అంటరు. అది సగమే నిజం. బెల్లంపల్లిలో భూగర్భ బాయిలు ఒక్కొక్కటే మూతబడ్డ మాట వాస్తవం. కానీ సింగరేణి మొత్తం చూస్తే 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు సుమారు 40 వేలు. బొగ్గు మాత్రం పెరిగింది, 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు. తట్ట, చెమ్మస్ పట్టిన చేతుల జాగలో ఓపెన్‌కాస్ట్ యంత్రాలు, కాంట్రాక్టు పని వచ్చినయి. గోల్డెన్ షేక్‌హ్యాండ్ తీసుకుని కొందరు ఊరు విడిచారు. జీతాలు పోతే కిరాణా కొట్టు, హోటలు, టైలరు అందరూ పోవాల్సిందే. 2001 కంటే 2011 లెక్కల్లో బెల్లంపల్లి జనాభా తగ్గింది.

ఇప్పుడు రెబ్బెన, తిర్యాణి దిక్కు ఓపెన్‌కాస్టులు వచ్చినయి. కింద బాయి తవ్వితే పైన చేను కొంతైనా మిగిలేది. ఓపెన్‌కాస్టులో చేనే ఉండదు, కొలువులూ తక్కువ.

మనలో కొందరం సింగరేణి నోటిఫికేషన్ కోసం చదువుతున్నం, తప్పులేదు. కానీ 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలి. ఆ సభలో చదువుకున్నోళ్లం మూడు ప్రశ్నలు రాసి ఇవ్వాలి. బొగ్గు ఎన్నేండ్లు వస్తది? పర్మినెంట్ కొలువులు ఎన్ని? తవ్వినంక ఆ గుంతను ఏం చేస్తరు?

ఇంకో పని. ఈ సెలవుల్లో మీ తాతను, అవ్వను అడగండి: బాయి పడక ముందు ఆ జాగల ఏ గూడెం ఉండె? ఆ పేరు ఇక్కడ కింద రాయండి. ఊరు పోయినా పేరన్నా మన దగ్గర ఉంటది.