కుంగుబాటుకు కంటి కదలికల చికిత్స

బాధాకరమైన ఒక జ్ఞాపకాన్ని మనసులో నిలుపుకొని, అదే సమయంలో కళ్లను లయబద్ధంగా ఇటూ అటూ కదిలించే మానసిక చికిత్స ఇది. పేరు ఈఎండీఆర్. ఘోరాలను చూసి బతికినవారి పీడకలలు, భయాల కోసం పుట్టిన ఈ పద్ధతిని తర్వాతి కాలంలో కుంగుబాటుకూ వాడి చూస్తున్నారు.

దీని మూలం అమెరికా. 1987లో కాలిఫోర్నియాలోని ఒక పార్కులో నడుస్తున్న దీని రూపకర్త ఫ్రాన్సిన్ షాపిరో, తన కళ్లు అటూ ఇటూ కదులుతుంటే కలతపెట్టే ఆలోచనల పదును తగ్గడం గమనించారు. వియత్నాం యుద్ధ సైనికులు, అత్యాచార బాధితులు కలిపి 22 మందిపై చేసిన అధ్యయనాన్ని 1989లో ప్రచురించారు. కళ్ల కదలిక నిజంగా అవసరమా అన్న వాదం దశాబ్దాల పాటు నడిచింది. జ్ఞాపకాన్ని తలచుకోవడం, చికిత్సకుడి వేలిని చూపుతో వెంబడించడం రెండూ ఒకేసారి చేయాల్సి రావడంతో మనసులో చోటు చాలదనీ, అందుకే ఆ దృశ్యం మసకబారుతుందనీ ఒక బలమైన వివరణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో దీన్ని సిఫారసు చేసింది గాయానంతర ఒత్తిడికే గాని, కుంగుబాటుకు కాదు.

చికిత్సకుడు పక్కగా కూర్చుని, రెండు వేళ్లు ఎత్తి కుడి ఎడమలకు ఆడిస్తాడు. ఎదుటివారు తల కదల్చకుండా చూపుతోనే వాటిని అనుసరించాలి. అర నిమిషం తర్వాత చెయ్యి ఆగుతుంది. "ఊపిరి తీసుకోండి. ఇప్పుడేం తోస్తోంది?" బాధ ఎంత ఉందో 0 నుంచి 10 లోపు ఒక అంకె చెప్పమంటారు. మళ్లీ మొదలు. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పనక్కర్లేదు. "నేనెందుకూ పనికిరాను" లాంటి, మనసును తొలిచే ఒక్క మాటను మాత్రం పట్టుకోవాలి.

ఆ మాటే ఈ చికిత్సను కుంగుబాటు వైపు తీసుకెళ్లింది. అయినవాళ్లను పోగొట్టుకోవడం, అవమానం, చిన్ననాటి హింస తర్వాత కుంగిపోయేవారు చాలామంది. జర్మనీలో ఆర్నే హాఫ్‌మన్ బృందం ఈ కోణంలో పనిచేసింది. మళ్లీ మళ్లీ కుంగుబాటుకు లోనయ్యేవారిపై ఇటలీ, స్పెయిన్‌లలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, మందులకు తోడుగా ఇచ్చిన ఈఎండీఆర్ ఆలోచనా ప్రవర్తనా చికిత్సకు ఏమాత్రం తీసిపోలేదు. ఆశ కలిగించే ఫలితమే. అయినా మందులను, ఇతర చికిత్సలను పక్కన పెట్టేంత ఆధారం ఇంకా లేదు.

భారతదేశానికి ఇది విపత్తుల వెంట వచ్చింది. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపం, 2004 డిసెంబరు 26న సునామీ సంభవించాక విదేశీ స్వచ్ఛంద నిపుణులు ఇక్కడి వైద్యులకు, సైకాలజిస్టులకు శిక్షణ ఇచ్చారు.

తమిళనాడు దక్షిణాన ఉన్న కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతానికీ విపత్తు కొత్త కాదు. విరుదునగర్ 1985 దాకా భాగంగా ఉన్న రామనాథపురం జిల్లాలోని ఏర్వాడిలో, ఒక ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. ఆ తర్వాతే అలాంటి ఆశ్రమాలను మూయించారు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గరి ముదలిపట్టి బాణసంచా కర్మాగారంలో జరిగిన పేలుడు దాదాపు 40 మందిని బలిగొంది. ఇలాంటి చోట్ల దిగులూ భయమూ ఒకే ఇంట్లో ఉంటాయి. మాత్రలతోనే సరిపెట్టకుండా ఆ జ్ఞాపకం దాకా వెళ్లే చికిత్స ఇక్కడివారికి అందాలి.

ఇక్కడి పల్లెల్లో తరతరాలుగా ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే కుటుంబాలు అనేకం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌కు చెందిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ అలాంటి ఇంటివారే. తమిళంలో చదువుకున్న మనిషికైనా లోలోపల తనను తాను తిట్టుకునే మాట ఇంటి తెలుగులోనే ఉండవచ్చు. చికిత్సకుడు దాన్ని ఆ భాషలోనే పలకనివ్వాలి.

ఈ చికిత్సను ఫోన్‌లో వీడియో చూసి సొంతంగా చేసుకోకూడదు. పాత గాయం ఒక్కసారిగా తిరగబెడితే ఆదుకునే, శిక్షణ పొందిన నిపుణుడు ఎదుట ఉండాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ముందుగా 14416కు ఫోన్ చేయాలి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ, టెలీ మానస్, తమిళంలోనూ తెలుగులోనూ ఉచితంగా అందుతుంది.