చాకునకు తగిన ఉక్కు
నిత్యము చెంతనుండు చాకునకు ఎట్టి ఉక్కు తగును? మెత్తనిదైనచో పదును నిలువదు. మిక్కిలి గట్టిదైనచో అంచు పెళుసై విఱుగును. దీనిని తేల్చునది పేరు గాదు, పరీక్షయే.

1794వ సంవత్సరమున హెలెనస్ స్కాటు బొంబాయినుండి ‘ఊట్జు’ అను మన దేశపు ఉక్కును లండనులోని రాయల్ సొసైటీకి పంపెను. స్టోడార్టు అను కత్తుల పనివాడు దానితో చాకు చేసి చూడగా, అది మేలైన ఉక్కుచాకులకు తీసిపోక కోసెను. పిమ్మట ఏండ్ల తరబడి పోల్చి చూచి, ఐరోపా ఉక్కుకంటె ఇదియే మేలని తన అంగడి ప్రకటనయందు చాటెను.

ఇట్టి ఉక్కును మూసలలో కరగించినవారు మన కమ్మరులు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునకు దీనికై పారసీక వర్తకులు వచ్చుచుండిరి. స్కాటు, స్టోడార్టుల పేర్లు గ్రంథస్థములైనవి. కొలిమియొద్ద చెమటోడ్చినవాని పేరు మనము వ్రాసికొనలేదు. పరదేశపు పనివాడు ఉక్కును ఊరు చూడక పదును చూచి మెచ్చెను. మనుష్యుని పుట్టుక చూడక పని చూచి మెచ్చుట మనమెప్పుడు నేర్తుము?