చికిటి సీమ కూలివారి రంగూను బాట

గంజాము మండలమున బరంపురమునకు దక్షిణముగా, ఇచ్ఛాపురము దాపున నున్న చికిటి పూర్వము మద్రాసు రాజధానిలోని జమీందారీ. జరడ, సురంగి మొదలగు చిన్న సంస్థానములును ఆ చుట్టుపట్లనే యుండెను. తెలుగు, ఓఢ్రము రెండును ఇచ్చటి సంతలలో వినబడును. జమీందారుల చరిత్రకు వంశావళులును, దస్తావేజులును ఆధారములు. పలక పట్టనివాడు, సెంటు భూమి లేనివాడు ఏమి చేసి కుటుంబమును పోషించెనను ప్రశ్నకు మాత్రము చికిటిలో సమాధానము వెదకిన చాలదు. గోపాలపురము రేవునకు పోవలెను.

వానలపై ఆధారపడిన వరిపొలములలో నాట్లు, కోతలు ముగిసిన పిమ్మట కూలికి పని యుండదు. 1866లోను, 1888-89లోను వచ్చిన క్షామములు గంజామును పీడించెను. 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టము జమీ రైతునకు కొంత హక్కు నిచ్చెనే గాని, రైతు పొలములో కూలి చేయువానికి ఏమియు నీయలేదు. కొందరు అస్సాము తేయాకు తోటలకు పోయిరి. తీరవాసులను ఎక్కువగా ఆకర్షించినది బర్మా.

1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమయ్యెను. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట బర్మా బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. రంగూనులోని బియ్యపు మిల్లులకు, రేవునకు, వరికోతలకు వేలకొలది చేతులు కావలసివచ్చెను. ఆ చేతులకు అక్షరములు రానక్కరలేదు. బ్రిటిష్ ఇండియా కంపెనీ పొగయోడలు గోపాలపురము, కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము, కాకినాడల నుండి జనులను చేరవేయుచుండెను. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలోని భారతీయులు పదిలక్షలకు పైబడిరి. అందు తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూనులో వీరినందరిని కోరంగివారనిరి. 1839 తుపానులో దెబ్బతిన్న కోరంగి రేవును కన్నులార చూడని గంజామువాడును అచ్చట కోరంగివాడే!

సంపాదనకు మూలము మేస్త్రీ. ఓడ కూలియు, ఇంటి ఖర్చులకు కొంత సొమ్మును అతడు ముందుగా నిచ్చును. కూలివాడు కాగితముపై వేలిముద్ర వేయును. ఓడ కంపెనీ సరకునకింతయని చెల్లించిన రొక్కము గుత్తదారు చేతినుండి పెద్ద మేస్త్రీకి, అతని చేతినుండి చిన్న మేస్త్రీకి దిగి, కూలివాని కొంగు చేరునప్పటికి చిక్కిపోవును. ఇ. జె. ఎల్. ఆండ్రూ 1933లో ప్రకటించిన గ్రంథమున ఈ పద్ధతి విపులముగా వర్ణింపబడినది. కూలివానికి కొరవడినది పనితనము కాదు, తన పద్దును తాను చదువుకొనగల శక్తి. అందుకు కళాశాల యేల? గ్రామములోని నాలుగవ తరగతి చాలును.

1922 నాటి వలస చట్టము సింహళ, మలయా దేశములకు పోవు కూలివానికి కొంత రక్షణ కల్పించెను. బర్మా అప్పుడు భారత సామ్రాజ్యములోని రాష్ట్రమే గనుక ఆ నీడ రంగూను బాటపై పడలేదు. 1930 మేలో రేవు కూలీలైన తెలుగువారు వేతనము పెంచుమని పని మానిరి. యజమానులు బర్మీయులను పనిలో పెట్టిరి. రాజీ కుదిరిన పిమ్మట వారిని వెడలగొట్టిరి. మే 26న ప్రారంభమైన అల్లరులలో నూరుమందికి పైగా మడిసిరి. వారిలో పెక్కుమంది తెలుగువారు.

ఆపైన సరిహద్దులు మారెను. 1936 ఏప్రిల్ 1న చికిటి ఒరిస్సాలో చేరెను. ఇచ్ఛాపురము మద్రాసులోనే నిలిచెను. సరిగా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మా భారతదేశము నుండి వేరయ్యెను. కూలివానికి మొదటి గీతకంటె రెండవదియే పెద్ద దెబ్బ. 1941 ఒడంబడిక వలసకు కట్టుబాటు విధించెను. ఆ డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడెను. లక్షలాది భారతీయులు బర్మాను విడిచిరి. వారిలో పెక్కుమంది ఆరకాను, మణిపురపు దారుల కాలినడకన వచ్చిరి. మార్గమధ్యమున పడిపోయినవారి లెక్క ఎవ్వరును సరిగా కట్టలేదు.

తిరిగివచ్చినవారికి బరంపురము పట్టుమగ్గము ఆధారము కాజాలదు. అది దేవాంగుల కులవిద్య. 1951లో జమీల రద్దు చట్టము వచ్చెను; భూమిలేనివాడు భూమిలేనివాడుగనే మిగిలెను. 1954లో ఓఢ్రము రాజభాష యగుటతో, తెలుగు బడిలో కొంత చదివినవానికిని చిన్న కొలువు దుర్లభమయ్యెను.

ముందు సొమ్మిచ్చి కూలీలను దూరదేశములకు తరలించుటకు ఒరిస్సాలో దాదన్ అని పేరు. దానిని అదుపులో నుంచుటకు 1975లో ఆ రాష్ట్రమున ఒక చట్టమును, 1979లో కేంద్రమున వేరొక చట్టమును చేయబడెను. అప్పటికే గంజాము యువకులు సూరతు మరమగ్గములకు దారి పట్టియుండిరి. అచ్చట మేస్త్రీకి బదులు బావయో, పినతండ్రి కొడుకో తోడుకొనిపోవును. పని మగ్గము ప్రక్కనే నేర్చుకొనవచ్చును. కూలి నేసిన మీటరునకింత. పగటివాడు లేచిన చాపపై రాత్రివాడు పండుకొనును. 2020 మేలో మహమ్మారి వలన మగ్గములాగినప్పుడు, సూరతునుండి బయలుదేరిన ప్రత్యేక రైళ్లు బరంపురము దాపున నున్న జగన్నాథపురమున వీరిని దింపెను. అధికారులు గ్రామములలోని బడులను ఖాళీచేయించి వారికి విడుదులుగా నిచ్చిరి.